ఉద్యోగం తెచ్చే దిగులును కొలవడం: బ్యాంకు ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ క్వార్టర్ క్లోజింగ్ అయిన వారంలో, ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది. మీలో చాలామందికి ఇది ఈ నెలలో దొరికిన మొదటి సెలవని నాకు తెలుసు.

మీ సంఘం వాళ్లు నాకు ఫోన్ చేసి ఒకటే అడిగారు. "మేడమ్, మా వాళ్లలో ఎంతమందికి డిప్రెషన్ ఉందో ఒక సర్వే చేసి నంబర్ ఇవ్వండి. దాన్ని తీసుకెళ్లి మేనేజ్‌మెంట్ ముందు పెడతాం" అన్నారు. నంబర్ ఇవ్వడం పెద్ద పనేం కాదు. తొమ్మిది ప్రశ్నల కాగితం పంచితే సాయంత్రానికి నంబర్ వచ్చేస్తుంది. ఆ నంబర్ చివరికి ఎవరి మీద పడుతుందన్నదే నా భయం. జాగ్రత్తగా కొలిస్తే అది పని మీద పడుతుంది. టార్గెట్ల మీద, రాత్రి ఎనిమిదింటి వీడియో మీటింగుల మీద పడుతుంది. అజాగ్రత్తగా కొలిస్తే మనిషి మీద పడుతుంది. "ఆవిడ కొంచెం వీక్", "ఆయన ప్రెషర్ తట్టుకోలేడు, పెద్ద బ్రాంచి ఇవ్వకండి" అనే మాటలు పుడతాయి. ఈ పూట నేను చెప్పబోయేదంతా దీని గురించే.

మా నాన్న బ్యాంకులో హెడ్ క్యాషియర్‌గా చేశారు. కంప్యూటర్లు ఇంకా రాని రోజులు. సాయంత్రం క్యాష్ ట్యాలీ కాకపోతే ఇంటికొచ్చేసరికి పది దాటేది. ఆయన చెప్పులు విడిచే చప్పుడు వినగానే అమ్మ మమ్మల్ని సైగ చేసి ఊరుకోబెట్టేది. నాన్నకి రేడియో అంటే ప్రాణం. పొద్దున్న భక్తిరంజని వినకుండా కాఫీ కూడా తాగేవారు కాదు. ఒక బ్రాంచిలో ఉన్నప్పుడు, దాదాపు ఏడాదిపాటు ఆ రేడియో ముట్టుకోలేదు. మేమెవరం అదేమిటని అడగలేదు. ఒక డాక్టరు బీపీ మాత్రలు రాశారు. ఇంకొకరు నీరసానికి బీ కాంప్లెక్స్ ఇచ్చారు. ఆ బ్రాంచి నుంచి బదిలీ అయిన రెండు నెలలకి ఒకరోజు పొద్దున్నే వంటింట్లోకి రేడియో పాట వినిపించింది. అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఏడాదంతా మా నాన్నకున్నది ఏమిటో, అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చాలా ఏళ్ల తర్వాత, చదువుకున్నాక అర్థమైంది. ఎవరైనా ఆ రోజుల్లో ఆయన్ని రెండు సరైన ప్రశ్నలు అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ సరైన ప్రశ్నలేమిటో చూద్దాం.

డిప్రెషన్‌ను కొలవడానికి ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా వాడే కాగితాల్లో ఒకటి పీహెచ్‌క్యూ-9. 2001లో అమెరికాలో కర్ట్ క్రొయెంకీ, రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్ దాని మీద తమ పరిశోధన ప్రచురించారు. గడిచిన రెండు వారాల్లో మీకు ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, దిగులుగా ఉందా, నిద్ర ఎలా ఉంది, ఒంట్లో ఓపిక ఉందా, ఆకలి ఎలా ఉంది, ఇలా తొమ్మిది ప్రశ్నలు. అస్సలు లేదంటే 0, దాదాపు ప్రతిరోజూ అంటే 3. మొత్తం 27 మార్కులు. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15, 20కి చేరేకొద్దీ తీవ్రం. సాధారణంగా 10 దగ్గర గీత గీసి, 10 గానీ ఆ పైన గానీ వచ్చినవారిని డాక్టరు చూడాలంటారు. ఆస్పత్రిలో ఇది చాలా మంచి పనిముట్టు. నేనూ రోజూ వాడతాను.

కానీ ఆ గీత ఎంత నమ్మకమైనదో మీరే లెక్క వేసి చూడండి. మీరు లెక్కల మనుషులు, మీకు నాకంటే బాగా తెలుస్తుంది. 2001 నాటి పరిశోధనలో, నిజంగా డిప్రెషన్ జబ్బు ఉన్నవారిలో 88 శాతం మందిని ఈ గీత పట్టుకుంది. లేనివారిలో 88 శాతం మందికి లేదని సరిగ్గానే చెప్పింది. బాగానే ఉంది కదా. ఇప్పుడు 200 మంది ఉద్యోగులున్నారు, వారిలో 20 మందికి నిజంగా జబ్బు ఉంది అనుకుందాం. ఆ 20 మందిలో సుమారు 18 మంది గీత పైకి వస్తారు. మిగిలిన 180 మందిలో 12 శాతం, అంటే సుమారు 22 మంది, జబ్బు లేకపోయినా గీత పైకే వస్తారు. మొత్తం 40 మంది పేర్లు వచ్చాయి, అందులో సగానికి పైగా జబ్బు లేనివాళ్లు. అటు నిజంగా జబ్బున్న ఇద్దరు లిస్టులోకి రానే లేదు. ఈ 40 పేర్లు ఏ జోనల్ ఆఫీసు టేబుల్ మీదకో వెళ్తే ఏమవుతుందో ఊహించండి. అందుకే ఈ కాగితం చెప్పింది ముగింపు తీర్పని ఎవరన్నా ఒప్పుకోకండి. డాక్టరు ఎదురుగా కూర్చుని మాట్లాడితేగానీ జబ్బు ఉందని చెప్పకూడదు. మరి కాగితం దేనికి అంటే, ఎవరితో మాట్లాడాలో చెప్పడానికి. ఒక గుంపుగా చూసుకున్నప్పుడు, ఎక్కడ బరువు ఎక్కువగా ఉందో చెప్పడానికి.

పీహెచ్‌క్యూకి ఇంకో పరిమితి ఉంది. మీ విషయంలో అసలైనది అదే. అది కారణం అడగదు. నిద్ర పట్టడం లేదు అంటారు. పిల్లాడికి జ్వరమా, ఇంటి అప్పా, మార్చి క్లోజింగా, ఆ కాగితానికి తెలియదు. దాంతో సర్వే చేసి మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్తే, "వాళ్ల ఇంట్లో ఏవో సమస్యలుంటాయి, మేమేం చేస్తాం" అనే మాట వెంటనే వస్తుంది. దానికి మన దగ్గర జవాబుండదు.

మరి బర్న్‌అవుట్ కొలిచే ప్రశ్నలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ తయారుచేసిన 22 ప్రశ్నల కొలమానం ప్రసిద్ధమైనది. పనితో మనసు అలసిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం, నేను ఏదీ సాధించడం లేదన్న భావన, ఈ మూడూ అందులో ఉంటాయి. కౌంటర్ దగ్గర పింఛను కోసం వచ్చిన ముసలావిడ మీద విసుక్కుని, తర్వాత మీరే బాధపడతారే, అది ఇందులోకి వస్తుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌ను జబ్బుగా లెక్కపెట్టలేదు. పని చేసే చోట పుట్టే ఒక స్థితిగా మాత్రమే రాసింది. పేరు మెత్తగా ఉండటంతో "నాకు బర్న్‌అవుట్" అని చెప్పుకోవడం తేలిక, "నాకు డిప్రెషన్" అని చెప్పుకోవడం కష్టం. ఆ మెత్తదనం చాటున నిజమైన డిప్రెషన్ కొన్నిసార్లు వైద్యం లేకుండా ఉండిపోతుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఈ రెండింటి మధ్య ఖాళీని చూసి 2020లో రెంజో బియాంకీ, ఇర్విన్ షోన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కొత్త కొలమానం తెచ్చారు. బియాంకీ స్విట్జర్లాండ్‌లో, షోన్‌ఫెల్డ్ న్యూయార్క్‌లో పనిచేస్తూ దీన్ని తయారుచేశారు. పేరు ఆక్యుపేషనల్ డిప్రెషన్ ఇన్వెంటరీ, పొట్టిగా ఓడీఐ. ఇందులోనూ తొమ్మిది లక్షణాలే, గడిచిన రెండు వారాలే, 0 నుంచి 3 మార్కులే. తేడా ఎక్కడంటే, ప్రతి ప్రశ్నలోనూ పనిని కలిపారు. నిద్ర పట్టడం లేదా అని అడగరు, ఉద్యోగంలోని ఒత్తిడి వల్ల నిద్ర చెడిందా అని అడుగుతారు. మీకు ఇష్టమైనవాటి మీద కూడా సరదా పోయేంతగా పని ఒత్తిడి ఉందా అని అడుగుతారు. మా నాన్న రేడియో ప్రశ్న అదే. చివర్లో ఇంకొకటి విడిగా ఉంటుంది: ఈ ఇబ్బందుల వల్ల ఉద్యోగం మానేద్దామనిగానీ, ఈ సీటు మారదామనిగానీ ఆలోచిస్తున్నారా అని.

చిన్న మార్పే. కానీ దీనితో సర్వే చేస్తే "ఇంట్లో సమస్యలు" అన్న మాట అంత తేలిగ్గా అనలేరు.

ఇక తెలుగు సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే కొలత చెడేది ఎక్కువగా ఇక్కడే. చాలా ఆఫీసుల్లో ఇంగ్లీషు ఫారం అలాగే పంచేస్తారు. ఆఫీసర్లు పూరిస్తారు. సబ్‌స్టాఫ్ పక్కవాళ్లను అడిగి పూరిస్తారు. అంటే మీ మనసులోని మాట పక్క సీటాయనకి చెప్పి రాయించుకోవడమన్న మాట! తెలుగు ఫారం ఉండి తీరాలి. ఒకరు తెలుగులోకి చేస్తారు. మూలం చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి చేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో చూస్తారు. ఆ తర్వాత మామూలు ఉద్యోగులకి చదివి వినిపించి, "మీకు ఏం అర్థమైంది?" అని అడగాలి. ఈ చివరిది మానేస్తే ముందు చేసిందంతా వృథా.

ఒకసారి అలా కూర్చున్నప్పుడు "విచారంగా ఉందా" అని చదివాను. ఒక అటెండరు గారు, "విచారం అంటే ఎవరైనా పోతే కదమ్మా" అన్నారు. "కుంగిపోయారా" అంటే, "అబ్బే, అంత కాదులెండి" అని పక్కకి జరిగారు. "దిగులుగా ఉందా" అంటే అప్పుడు తల ఊపారు. అదే మాట తెలంగాణ జిల్లాల్లో చదివితే, "రంది అంటరు మేడం" అని ఒకావిడ నాకు సరిచేసింది. రంది. ఎంత చక్కని మాట! నేను ఆ రోజు నుంచి అక్కడి ఫారంలో దిగులు పక్కన రంది కూడా రాస్తున్నాను. స్థిమితం లేకపోవడం గురించిన ప్రశ్నకి పుస్తకం మాటలేవీ పనిచేయలేదు. "కాలు కాలిన పిల్లిలా ఒకచోట నిలవలేకపోవడం, లేదంటే మాటా నడకా నెమ్మదించిపోవడం" అంటే అందరికీ వెంటనే తెలిసింది.

ఇంకొకటి మర్చిపోలేను. ఒక బ్రాంచిలో లంచ్ రూములో క్యాష్ కౌంటర్ అమ్మాయి ఫారం పూరిస్తోంది. టిఫిన్ బాక్సు పక్కన ఉంది, మూత కూడా తీయలేదు. టైము మూడున్నర. ఆకలి ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. "మేడమ్, ఆకలి తగ్గిందా అని ఉంది. నాకు ఆకలి వేస్తుంది. తినడానికే టైము ఉండదు. దీనికి ఏం పెట్టాలి?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకి సరైన జవాబు 0. ఆమె ఆకలి బాగానే ఉంది. కానీ మూడున్నరకి మూత తీయని బాక్సు ఆ కాగితంలో ఎక్కడా లేదు. అది ఆమె లక్షణం కాదు కదా, ఆ బ్రాంచిలో పని నడిచే తీరు. దాన్ని వేరే ప్రశ్నతో, వేరే కాగితంతో కొలవాలి.

ఇదే నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది. దిగులు కొలిచే కాగితం ఒక్కటే పంచకండి. పనిని కొలిచే కాగితం కూడా దానితో పంచండి. ఓడీఐలో "పని వల్లే" అని చెప్పేది పూరించే మనిషే. దిగులుగా ఉన్న మనిషికి ప్రపంచమంతా నల్లగా కనిపిస్తుంది, ఉద్యోగం కూడా అలాగే కనిపిస్తుంది. మరోవైపు, నిజంగా పనే చంపుతున్నా "తప్పు నాదే, నాకే చేతకావడం లేదు" అనుకునేవాళ్లున్నారు. మనలో వాళ్లే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. కాబట్టి ఆ మాటకి పక్కన సాక్ష్యం ఉండాలి.

పనిని కొలవడం కొత్తేమీ కాదు. 1979లో రాబర్ట్ కరాసెక్ ఒక మాట చెప్పాడు. పని భారం ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉంటే మనిషి దెబ్బతింటాడు. భారం ఒక్కటే ఉంటే అంత కాదు. 1996లో జర్మనీలో యోహానెస్ జీగ్రిస్ట్ ఇంకో మాట చేర్చాడు: పడిన శ్రమకీ, దక్కిన జీతానికీ గౌరవానికీ పొంతన లేకపోవడం. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో మొదలైన వైట్‌హాల్ రెండో అధ్యయనం 10,308 మందిని ఏళ్ల తరబడి గమనించింది. పని భారం ఎక్కువై, తోడ్పాటు కరువై, శ్రమకి తగ్గ ఫలం లేనిచోట మానసిక సమస్యలు పెరగడం అందులోనూ కనిపించింది. గుమాస్తాలూ ఆఫీసర్లూ, బల్ల ముందు కూర్చునే ఉద్యోగాలు, దాదాపు మీలాంటివాళ్లే.

ఇప్పుడు మీ రోజుని కరాసెక్ మాటల్లో పెట్టి చూడండి. పొద్దున్న వాట్సాప్ గ్రూపులో ఆ రోజు టార్గెట్ వస్తుంది. ఎన్ని పాలసీలు, ఎన్ని కార్డులు, ఎన్ని ఖాతాలు. అది మీరు నిర్ణయించింది కాదు. మీ ఊళ్లో ఆ సంవత్సరం పంట పోయిందా, జనం దగ్గర డబ్బుందా అన్నది టార్గెట్ పెట్టినవాళ్లు చూడరు. సాయంత్రం రివ్యూలో అందరి ముందూ బ్రాంచి పేరు చదువుతారు. భారం మీది, పట్టు మీది కాదు. దీన్ని ప్రశ్నల్లోకి తెండి. ఈ రెండు వారాల్లో ఎన్ని రోజులు ఏడు దాటాక బ్రాంచిలో ఉన్నారు? ఎన్ని రోజులు మధ్యాహ్నం భోజనం మూడు తర్వాత అయింది? మీటింగులో నలుగురి ముందు ఎన్నిసార్లు మాట పడ్డారు? ఇవి అభిప్రాయాలు కావు, లెక్కలు. దిగులు మార్కులు ఎక్కువున్న బ్రాంచిలో ఈ లెక్కలు కూడా ఎక్కువుంటే, ఆ కాగితం చూసి ఎవరినీ "వీక్" అనలేరు.

ఇక గోప్యత. వెనక నుంచి ఒక అన్నయ్య ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు, చెప్పండి... పేరు రాయకపోతే సరిపోతుంది కదా అంటున్నారు. సరిపోదండీ. ఎనిమిది మంది ఉన్న బ్రాంచి తీసుకోండి. ఫారంలో వయసు, ఆడా మగా, హోదా, సర్వీసు అడిగారు. ముప్పై ఐదేళ్ల లేడీ ఆఫీసర్ ఆ బ్రాంచిలో ఒక్కరే. పేరు రాయనక్కర్లేకుండానే తెలిసిపోతుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అందుకే తొమ్మిదికి తొమ్మిదీ 0 పెట్టి ఇచ్చేస్తుంది. మీ సర్వేలో ఆ బ్రాంచి అన్నిటికంటే ఆరోగ్యంగా కనిపిస్తుంది!

జపాన్‌లో ఈ విషయాన్ని చట్టంలో పెట్టారు. 2015 డిసెంబరు నుంచి, 50 మంది అంతకు మించి పనిచేసే చోట ఏడాదికోసారి స్ట్రెస్ చెక్, అంటే ఉద్యోగుల ఒత్తిడిని చూసే సర్వే, చేయించాలి. చేయించడం యజమాని బాధ్యత, రాయడం మాత్రం ఉద్యోగి ఇష్టం. ఫలితం నేరుగా ఉద్యోగికే వెళ్తుంది. ఉద్యోగి ఒప్పుకుంటే తప్ప యజమాని చూడకూడదు. ఒత్తిడి ఎక్కువున్నవారు కోరితే డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు చేయాలి. డాక్టరు చెప్పినదాన్ని బట్టి పనివేళలు తగ్గించడం లాంటివి చూడాలి. అడిగినందుకు ఉద్యోగి మీద కక్ష సాధించకూడదు. పదిమంది కంటే తక్కువున్న గుంపు ఫలితాన్ని విడిగా యజమానికి ఇవ్వాలంటే ఆ గుంపులో అందరూ ఒప్పుకోవాలి. అక్కడ ఎక్కువగా వాడే ఫారంలో 57 ప్రశ్నలున్నాయి. వాటిలో 17 పని గురించి, 29 మనిషి ఒంట్లో మనసులో వచ్చిన మార్పుల గురించి, 9 చుట్టూ ఉన్నవారి తోడ్పాటు గురించి, 2 సంతృప్తి గురించి. చూశారా, పనినీ మనిషినీ ఒకే కాగితం మీద పెట్టారు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి సంఘమే ఈ నియమాలు రాసుకోవాలి. ఫారాలు ఎవరి దగ్గరుంటాయి, ఎప్పుడు చింపేస్తారు, పదిమంది లోపు బ్రాంచిలను దగ్గర్లోని బ్రాంచిలతో ఎలా కలుపుతారు, ఇవన్నీ ముందే కాగితం మీద పెట్టి అందరికీ చదివి వినిపించండి.

ఎప్పుడు కొలవాలన్నది త్వరగా చెప్పేస్తాను. ఈ ప్రశ్నలన్నీ రెండు వారాలనే చూస్తాయి. మార్చి ఆఖర్లో కొలిస్తే ఒకలా, మే నెలలో కొలిస్తే ఒకలా ఉంటుంది. రెండుసార్లూ కొలవండి. సర్వే రోజున బ్రాంచిలో లేనివాళ్లను మర్చిపోకండి. మెడికల్ లీవులో ఉన్నవాళ్లు, ఆ ఏడాది రాజీనామా చేసినవాళ్లు. ఎక్కువ దెబ్బతిన్నవాళ్లు వాళ్లే కావచ్చు. కుర్చీలో కూర్చున్నవాళ్లను మాత్రమే లెక్కపెడితే, లేచి వెళ్లిపోయినవాళ్ల బాధ లెక్కలోకి రాదు.

చివరగా తొమ్మిదో ప్రశ్న. పీహెచ్‌క్యూలోనూ ఓడీఐలోనూ తొమ్మిదోది చావు గురించిన ఆలోచన. ఓడీఐలో అయితే, ఈ ఉద్యోగంలో కొనసాగడం కంటే చనిపోవడం మేలు అనిపించిందా అన్నది. కొన్ని ఆఫీసుల్లో భయపడి దీన్ని కొట్టేసి మిగతా ఎనిమిదే పంచుతారు. అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయం అది. అలా పుట్టదు. లోపల ఉన్నదాన్ని ఒకరు అడిగారన్న ఊరట దొరుకుతుంది. నేను చాలామంది ముఖాల్లో చూశాను. కానీ అడిగి వదిలేయడం మాత్రం ఘోరం. పేరు లేని ఫారంలో ఒకరు అక్కడ 3 పెట్టి డబ్బాలో వేశారు. ఆ డబ్బా పదిహేను రోజుల తర్వాత తెరిచారు. అప్పుడు ఏం చేస్తారు? ఎవరో తెలియదు.

కాబట్టి ముందే నిర్ణయించుకోండి. ఫారాల మీద పేర్లుండి, అవి బయటి సైకాలజిస్టు లేదా డాక్టరు తప్ప ఎవరూ చూడకుండా ఉండాలా? అలా అయితే వాళ్లు ఆ రోజే, సాయంత్రం లోపు, ప్రతి ఫారంలో తొమ్మిదో ప్రశ్న చూసి ఆ మనిషితో మాట్లాడాలి. నాకు ఇదే ఇష్టం. పేర్లు వద్దంటారా, అప్పుడు తొమ్మిదో ప్రశ్న కిందే పెద్ద అక్షరాల్లో టెలీమానస్ నంబర్ 14416 అచ్చు వేయండి. అది మనసు ఇబ్బందుల్లో ఉన్నవారికి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ ఉచిత సేవ, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నంబర్ ఒక్కటే చాలదు. సర్వే జరిగే రోజున పక్క గదిలో మీ బ్యాంకుతో సంబంధం లేని ఒక మనిషి కూర్చుని ఉండాలి. తలుపు వేసుకోగల గది అయి ఉండాలి. ఆ గదిలోకి ఎవరు వెళ్తున్నారో మేనేజర్ క్యాబిన్ నుంచి కనపడకూడదు. ఆ గది ఏదో, అందులో కూర్చునేది ఎవరో తేలాకే ఫారాలు అచ్చుకి ఇవ్వండి.

ఇక మీరు అడగండి. మైకు ముందు ఆ వెనక వరసకి ఇవ్వండమ్మా.